అమ్మను చూసుకుంటున్న సిబ్బందికి కృతజ్ఞతలు

శ్రీకాకుళంలో మా అమ్మ ఉంటున్న వృద్ధుల సంరక్షణ కేంద్రంలోని ఆయాలకు, సిస్టర్లకు, అటెండర్లకు మా అక్కాచెల్లెళ్లందరి తరఫునా నమస్కారాలు. పేర్లు రాయవద్దని మీరే అన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

అమ్మకు డిమెన్షియా. కన్నకూతుళ్లను కూడా ఒక్కోరోజు గుర్తుపట్టదు. సిగ్గూ అభిమానమూ మాత్రం చెక్కుచెదరలేదు. పరాయి మగవాడు చెయ్యి పట్టుకుంటే చాలు, కేకలు పెడుతుంది. మునుపు ఉంచిన చోట మొండి మనిషి అని ముద్ర వేశారు. మీరు ఆ మాట అనలేదు. ఆయాలే స్నానం చేయించేలా డ్యూటీలు మార్చారు. భుజాల మీద తువ్వాలు కప్పి, ముందుగా పాదాల మీద గోరువెచ్చని నీళ్లు పోసి, "ఇప్పుడు వీపు రుద్దుతానమ్మా" అని చెప్పి మరీ రుద్దడం కళ్లారా చూశాను. రాత్రి డ్యూటీ అటెండరు బాబు గుమ్మం దాటి లోపలికి రాడు. "పెద్దమ్మా, నేను బయటే ఉన్నాను" అని అక్కడి నుంచే పలకరిస్తాడు. అమ్మ అతణ్ని తన తమ్ముడనుకుని అన్నం తిన్నావా అని అడుగుతుంది. ఎన్నిసార్లు అడిగినా తిన్నానంటాడు.

అమ్మది పొందూరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, సన్ననూలు వడికిన చేతులవి. ఆ సంగతి తెలుసుకుని ఒక ఆయా ఆమె ఒళ్లో దూది పెట్టింది. ఇక మధ్యాహ్నమంతా వత్తులు చేయడమే పని. ఆడవాళ్ల పని కదా అని మీరు మగవాళ్లను ఆపకపోవడం నాకు ఇంకా నచ్చింది. రిటైరైన హెడ్మాస్టరు గారొకరు అమ్మ పక్కనే కూర్చుని వత్తులు చేస్తారు. లావుగా, వంకరగా వస్తాయి. వాటినీ దీపంలో వేస్తారు మీరు!

తోటి బంధువులకు ఒక మాట. "ఆడవాళ్లకు ఓపిక పుట్టుకతోనే వస్తుంది" అని ఆయాలను మెచ్చుకుంటాం, జీతం పెంచే మాట వస్తే మౌనం. డిమెన్షియా ఉన్నవారి సంరక్షణకు పట్టే గంటల్లో 70 శాతం స్త్రీలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత చాకిరీనీ పుట్టుకతో వచ్చిన ఓపిక ఖాతాలో రాసేస్తే ఎలా? మతి తప్పిన ఒక పెద్దాయన చెయ్యి పట్టి లాగినప్పుడు, సిస్టరు గారు చిన్న ఆయాను సర్దుకోమనలేదు. ఆయన పనులకు మగ అటెండరును పెట్టారు. పెద్దాయననూ పల్లెత్తు మాట అనలేదు. పని తెలిసినవాళ్లే అలా చేయగలరు.

సంక్రాంతికి వస్తున్నాం. మీ అందరికీ పొందూరు ఖద్దరు బట్టలు పెట్టాలని అక్క పట్టుబట్టింది. మేనేజరు గారూ, దయచేసి రూల్సంటూ అడ్డుపడకండి.