పది కిలోల సంచి ఎంత నత్రజనిని పట్టగలదు?

సంపాదకులకు,

మొక్కజొన్న విత్తే రోజులు దగ్గరపడేసరికి పలమనేరు చుట్టుపక్కల ఎరువుల దుకాణాల్లో యూరియా బస్తాల పక్కన జియోలైట్ సంచులు కూడా చేరుతున్నాయి. ఎకరాకు పది కిలోలు చల్లితే చాలు, యూరియా సగానికి తగ్గించవచ్చని అమ్మేవాళ్లు ఘంటాపథంగా చెబుతున్నారు. పాసుపుస్తకం పట్టుకుని యూరియా కోసం వరుసలో నిలబడి విసిగిన రైతుకు ఈ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. నేను బీఎస్సీలో రసాయనశాస్త్రం చదివి సేద్యంలోకి వచ్చినవాణ్ణి. ఆ సంచిని అటూ ఇటూ తిప్పి చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

జియోలైట్ బూటకం కాదు. కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలున్న ఖనిజమది. మహారాష్ట్రలోని బసాల్టు రాళ్లలో దొరుకుతుంది. యూరియాలోని నత్రజని నేలలో పడిన కొద్ది రోజులకే అమ్మోనియం రూపంలోకి మారుతుంది. దానిది ధనావేశం, జియోలైట్‌ది రుణావేశం. అందుకే పట్టి ఉంచుతుంది, పైరుకు కొద్దికొద్దిగా వదులుతుంది. అలా పట్టి ఉంచేది ఏదీ లేకపోతే అమ్మోనియం నైట్రేటుగా మారి, మా ఎర్ర ఇసుక నేలల్లో ఒక్క గట్టి వానకే వేళ్లకు అందని లోతుకు దిగిపోతుంది. మలేషియాలో మొక్కజొన్న మీదే, యూరియాతో కలిపి దీన్ని పరీక్షించారు. నెల్లూరు తీరంలో రొయ్యల రైతులు చెరువుల్లో అమ్మోనియా తగ్గడానికి ఎప్పటి నుంచో వాడుతున్నారు. (ఉప్పునీటిలో సోడియం అడ్డుపడుతుంది కనుక అక్కడ ఎంత పనిచేస్తుందన్నది వేరే చర్చ.) నేను చూసిన సంచి మీద ఉన్నదీ రొయ్య బొమ్మే.

పేచీ అంతా మోతాదు దగ్గరే. మేలు రకం జియోలైట్ తన శక్తినంతా అమ్మోనియం మీదే పెట్టినా, కిలోకు పట్టగలిగేది 20 నుంచి 30 గ్రాముల నత్రజని. పది కిలోల సంచికి మహా అయితే 300 గ్రాములు. మొక్కజొన్నకు ఎకరాకు కావలసింది సుమారు 80 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో, 46 శాతం లెక్కన, 20 కిలోల 700 గ్రాముల నత్రజని ఉంటుంది. అంటే దాదాపు నాలుగు బస్తాలు. అందులో రెండు బస్తాలు మిగిల్చే పని 300 గ్రాములు పట్టే సంచి వల్ల ఎలా అవుతుంది? ఖాళీ అయ్యాక మళ్లీ నిండుతుంది కదా అంటారు. నిండనివ్వండి, పదిసార్లు నిండినా మూడు కిలోలే. పొలాల్లో జరిగిన పరీక్షల్లో దీన్ని సాధారణంగా హెక్టారుకు టన్నుల లెక్కన వేస్తారు. ఆ సంగతి దుకాణంలో ఎవరూ ఎత్తరు. సంచి మీద అమ్మోనియం పట్టే శక్తి ఎంతో, అసలు ఖనిజం పాలు ఎంతో తెలిపే అంకె ఒక్కటీ లేదు.

టన్నుల లెక్కన దొరికే ఖనిజం మన చెరువుల్లోనే ఉంది. కట్ట వెంబడి, తూము దగ్గర పేరుకున్న బంకమట్టికి కిలో లెక్కన చూస్తే జియోలైట్ శక్తిలో ఏ ఐదో వంతో ఆరో వంతో ఉంటుందేమో. కానీ అది ట్రాక్టరు లోడుకు టన్నుల కొద్దీ వస్తుంది. వాగు వచ్చి కలిసే వైపు తవ్వితే మాత్రం ఇసుకే వస్తుంది. మట్టిని తడిపి అరచేతుల మధ్య పాముతే పెన్సిలులా సాగాలి, విరగకుండా ఉంగరంలా వంగాలి. అలాంటి మట్టి తోలిన మా మడిలో రెండో పైపాటుగా (పైరు ఎదిగే దశలో) వేసే యూరియా తగ్గించినా మొక్కజొన్న కింది ఆకులు పచ్చగానే నిలిచాయి. మట్టి తోలని పక్క మడిలో ఆకు కొస నుంచి నడి ఈనె వెంట పసుపు పాకింది. ఒక రైతు మడి రుజువు కాదని నాకూ తెలుసు. నాకు ట్రాక్టరు ఉంది, మట్టి తోలకం పెరిగితే నాలుగు రూపాయలు వస్తాయి. ఆ మాటా దాచడం లేదు.

ఖనిజాలు వేయడం ఈ జిల్లా రైతుకు కొత్త కాదు. వేరుశనగకు ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం ఎప్పటి నుంచో వేస్తున్నాం. ఆ మోతాదు శాస్త్రవేత్తలు తేల్చి చెప్పినది, దుకాణంలో పుట్టినది కాదు. జియోలైట్‌కూ అదే జరగాలి. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఎర్ర నేలలో మొక్కజొన్న వేసి, జియోలైట్ ఒక మడిలో, చెరువు మట్టి ఒక మడిలో, రెండూ కలిపి ఒక మడిలో వేసి, యూరియా తగ్గించి చూడాలి. దిగుబడితో పాటు ఖర్చు కూడా అచ్చువేసి పంచాలి. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డులో 12 అంశాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం నేలలో ఏ పోషకం ఎంత ఉందో చెబుతాయి. వేసిన ఎరువును ఆ నేల ఎంత పట్టి ఉంచగలదో చెప్పే అంశం ఒక్కటీ లేదు. మా నేలల్లో ముందు తెలియాల్సింది అదే.

ఇక చెరువులో పేరుకున్న ఈ పూడికమట్టిని తోలుకునే అనుమతి సంగతి. ఇటుక బట్టీలకు రాత్రికి రాత్రే లోడ్లు వెళ్తాయి. పొలానికి తోలుకుంటానన్న రైతు మాత్రం దరఖాస్తు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగాలి. చెరువులు ఎండేది ఏప్రిల్, మే నెలల్లో. అనుమతి పత్రం ఆలోపే చేతికి రావాలి. వానలు పడి నీళ్లు చేరాక పత్రం ఇస్తే చెరువులోకి ట్రాక్టరు దిగదు.

— ఒక మొక్కజొన్న రైతు,
పలమనేరు, చిత్తూరు జిల్లా