రక్తం తగ్గిందంటే ఐరన్ మాత్రలతో సరిపెట్టకండి

సంపాదకులకు,

చిన్నపేగు పొడవు ఆరు మీటర్ల దాకా ఉంటుంది, పెద్దపేగు మీటరున్నర. క్యాన్సర్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. అమెరికాలో పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లు ఏటా లక్షన్నర దాకా బయటపడుతుంటే, చిన్నపేగువి 13 వేలకు అటూ ఇటూ. మొత్తం క్యాన్సర్లలో నూటికి ఒకటి కూడా కాదు. ఇంత అరుదు కాబట్టే ఎవరికీ తట్టదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

విశాఖ చుట్టుపక్కల ఈ ఆలస్యానికి మొదటి కారణం ఐరన్ మాత్ర. యాభై దాటిన మగవారికి, ముట్లుడిగిన ఆడవారికి హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ రెండూ తక్కువుంటే లోపలెక్కడో రక్తం కారుతోందేమోనని చూడాలి. మాత్రలతో హిమోగ్లోబిన్ పెరగొచ్చు గానీ కారడం ఆగదు. పైగా ఐరన్‌కి విరేచనం నల్లగా అవుతుంది కాబట్టి, రక్తం వల్ల నల్లబడినా ఆ నింద మాత్ర మీదకే పోతుంది.

నోటి గుండా చేసే ఎండోస్కోపీ, మలద్వారం గుండా చేసే కొలనోస్కోపీ రెండూ నార్మల్ అంటే పేగంతా బాగున్నట్టు కాదు. మొదటిది చిన్నపేగు మొదట్లో కొంత, రెండోది చివర కొన్ని సెంటీమీటర్లు మాత్రమే చూపిస్తాయి. మధ్యదంతా చూడాలంటే సీటీ ఎంటెరోగ్రఫీ, అంటే చిన్నపేగు కోసమే చేసే సీటీ స్కాన్ కావాలి. మామూలు పొట్ట సీటీతో పని జరగదు. నాలుగు గంటలు ఏమీ తినకుండా ఉండి, మానిటాల్ కలిపిన నీళ్లు లీటరు నుంచి లీటరున్నర, ముప్పావుగంట నుంచి గంటసేపు కొద్దికొద్దిగా తాగాలి. అప్పుడే పేగు విప్పారి గోడ తెలుస్తుంది. తక్కువ తాగితే ముడుచుకున్న పేగే గడ్డలా కనిపిస్తుంది, అసలు గడ్డ కనబడకుండా పోతుంది. గబగబా తాగితే వాంతి అవుతుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ముందే చూసుకోవాలి. తిన్నాక మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం ఉన్నవారికి ఈ సీటీ చూడకుండా పేగును ఫొటోలు తీసే కెమెరా క్యాప్సూల్ మింగించకూడదు. పేగు సన్నబడిన చోట అది ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా పోతుంది.

రెండో కారణం టీబీ. స్కానింగులో పేగు గోడ మందంగా ఉందనగానే, ముక్క పరీక్ష లేకుండానే ఆరు నెలల మందులు మొదలవుతున్నాయి. మన దేశంలో పేగు టీబీ ఎక్కువే, ముందు దాన్ని అనుమానించడం తప్పు కాదు. కానీ టీబీ పుండైతే రెండు మూడు నెలలకి మానుతున్న జాడ కనిపించాలి. మానిన చోట మచ్చకట్టి పేగు సన్నగానే ఉండిపోవచ్చు కాబట్టి నొప్పి ఒక్కదాన్నే కొలతగా తీసుకోలేం. బరువు తగ్గుతూనే ఉంటే, మళ్లీ రక్తం పడిపోతే కోర్సు పూర్తయ్యేదాకా ఎదురుచూడకుండా ముక్క తీయాలి. మామూలు ఎండోస్కోపీకి అందకపోతే బెలూన్ సాయంతో చిన్నపేగు లోతుకి వెళ్లే బెలూన్ ఎంటెరోస్కోపీ, అదీ కుదరకపోతే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాపరోస్కోపీ.

ఎన్నాళ్లు బతుకుతారన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. అమెరికా లెక్కల్లో అన్ని రకాలూ కలిపితే అయిదేళ్లు దాటేవారు సుమారు మూడింట రెండొంతులు. ఆ సగటు మోసం చేస్తుంది. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టి నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ గడ్డలున్నవారు ఎక్కువమంది అయిదేళ్లు దాటుతారు. పేగు లోపలి పొరలో పుట్టే అడెనోకార్సినోమాలో స్థూలంగా మూడో వంతే, అయితే కాలేయానికి పాకకముందు పట్టుకుంటే అవకాశం చాలా మెరుగు. పేగు గోడ లోపల పుట్టే జిస్ట్ అనే గడ్డకు ఇమాటినిబ్ మాత్ర ఉంది. లింఫ్ కణాల క్యాన్సరైన లింఫోమాకు ప్రధాన వైద్యం కీమో. అందుకే ‘క్యాన్సర్’ అన్న మాట దగ్గర ఆగకుండా ఏ రకమో, ఏ దశో అడగండి. అడెనోకార్సినోమా ఆపరేషన్ అయితే రిపోర్టులో ఎన్ని లింఫ్ గ్రంథులు పరీక్షించారో చూడండి. ఎనిమిదికి తగ్గితే దశ నిర్ణయాన్ని గట్టిగా నమ్మలేం. డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే ప్రొటీన్లు గడ్డలో ఉన్నాయో లేదో చూసే ఎంఎంఆర్ పరీక్ష కూడా చేయించాలి. వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు తెచ్చే లించ్ సిండ్రోమ్‌ను అదే అనుమానింపజేస్తుంది, అప్పుడు తోబుట్టువులకీ పిల్లలకీ పరీక్షలు అవసరమవుతాయి.

శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు ఎక్కడో ఆపరేషన్ అయి, కీమోకి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్) అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వచ్చేవారు రిపోర్టు కాగితాలతో పాటు ముక్క నిలవచేసిన మైనపు బ్లాకులు, స్లైడ్లు కూడా రాసిచ్చి తెచ్చుకోవాలి. రకం తేల్చే పరీక్షలు ఆ బ్లాకు మీదే చేస్తారు.

– ఉదరకోశ శస్త్రవైద్యులు, విశాఖపట్నం