స్కోర్‌కార్డ్ టెంప్లేట్ నింపే ముందు

అందరికీ నమస్కారం. కొత్త స్కోర్‌కార్డ్ (మన పనితీరును కొలతలతో చూపే పట్టిక) టెంప్లేట్ ఎక్సెల్ ఫైల్ పైన పెట్టాను. 1992లో ‘బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్’ పద్ధతిని పరిచయం చేసిన కప్లాన్, నార్టన్‌ల నాలుగు కోణాలే ఇందులోనూ ఉన్నాయి: ఆర్థికం, కస్టమర్, లోపలి పనులు, నేర్చుకోవడం-ఎదుగుదల.

గడి ఖాళీగా ఉంది కదా అని ఏదో ఒక కొలత పెట్టేయకండి. పోయినసారి నేను చేసింది అదే. ముప్పైకి పైగా కొలతలు పెట్టాను, మూడో నెలకల్లా ఆ షీట్ తెరిచినవాళ్లే లేరు. కోణానికి మూడు నాలుగు చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నిర్వచనం కాలమ్. ‘సమయానికి డెలివరీ’ అంటే మనం మాటిచ్చిన తేదీకా, కస్టమర్ అడిగిన తేదీకా? ఒకరు అలా, ఇంకొకరు ఇలా లెక్కేస్తే 95 శాతమూ నిజమే, 80 శాతమూ నిజమే! ఫార్ములా, డేటా ఎక్కడి నుంచి వస్తుంది, ఏ తేదీకి నింపాలి, అన్నీ అదే వరుసలో రాయండి. బాధ్యత దగ్గర ఒక్కరి పేరే ఉండాలి. ‘టీమ్’ అని రాస్తే ఎవరూ నింపరు.

ఏ అంకె దాకా ఎరుపు (బాగోలేదు), ఎక్కడ పసుపు (జాగ్రత్త), ఎక్కడ ఆకుపచ్చ (బాగుంది) అనే హద్దులు నెల మొదలవకముందే ఖాయం చేయాలి. అంకెలు వచ్చాక జరపొద్దు. ఫిర్యాదుల్లాంటివి తగ్గితేనే మంచిది కాబట్టి అక్కడ రంగుల ఫార్ములా తిరగేయడం మరచిపోకండి.

మాస్టర్ ఫైల్ ముట్టుకోకుండా కాపీ తీసుకోండి. మధ్యలో నిర్వచనం మారితే పాత నెలలు కూడా మళ్లీ లెక్కగట్టాలి, లేకపోతే గ్రాఫ్ అబద్ధం చెబుతుంది. మూడు నెలలకోసారి కూర్చుని పనికిరాని కొలతలు తీసేద్దాం. డౌట్లు ఇక్కడే అడగండి.