ఐపీఏ సీసా మీద తెలుగులో నాలుగు మాటలు రాయించండి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం.

నేను కరీంనగర్‌లో మొబైల్ ఫోన్ల రిపేరు షాపు నడుపుతున్నాను. పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలకు పని నేర్పుతాను కూడా. మా టేబుళ్ల మీద పొద్దున షట్టర్ తెరిచినప్పటి నుంచి రాత్రి మూసేదాకా ఉండే ఒక ద్రవం గురించి ఈ లేఖ రాస్తున్నాను. దాని పేరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మేమంతా ఐపీఏ అంటాం. నీళ్లలో పడ్డ ఫోను వచ్చినా, బోర్డు మీద టంకానికి పూసే ఫ్లక్స్ మిగిలినా, పాత స్క్రీన్ జిగురు వదలకపోయినా, బ్యాటరీ ఊడి రాకపోయినా చెయ్యి ముందు ఆ సీసా మీదికే పోతుంది. అది లేకుండా మా పని సాగదు. కాబట్టి దాన్ని ఆపేయమని నేను అడగడం లేదు. దానితో ఎలాంటి ప్రమాదం ఉందో, దాన్ని వాడే కుర్రాళ్లకు వాళ్లు చదవగలిగే భాషలో చెప్పించమని అడుగుతున్నాను.

కరోనా తర్వాత చాలామందికి ఇది చేతులకు రాసుకునే శానిటైజరే కదా అన్న ధీమా వచ్చింది. శానిటైజర్‌లో ఉండేది ఇదే కావచ్చు. కానీ అరచేతిలో నాలుగు చుక్కలు రుద్దుకోవడం వేరు, మూసిన గదిలో 99 శాతం ఐపీఏతో రోజంతా బ్రష్ ముంచుతూ పని చేయడం వేరు.

దీని ఫ్లాష్ పాయింట్ సుమారు 12 డిగ్రీల సెల్సియస్. అంటే ఆ వేడి దాటితే చాలు, ద్రవం మీద లేచే ఆవిరి నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. ఇంట్లో కిరోసిన్ డబ్బా ఉంటే పెద్దవాళ్లు పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. ఆ కిరోసిన్‌కైనా 35 డిగ్రీలు దాటాలి. ఐపీఏకి మా ఊళ్లో చలికాలం మధ్యాహ్నం కూడా సరిపోతుంది. ఇక మే నెల సంగతి చెప్పనక్కర్లేదు. దీని ఆవిరి గాలికంటే రెండింతలు బరువు. పైకి పోయి చెదిరిపోదు. టేబుల్ మీద నుంచి కిందికి జారి, నేలమీద, మూలల్లో, కుర్చీల కింద ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గర నిలుస్తుంది. గాలిలో అది సుమారు 2 శాతం నుంచి 12 శాతం దాకా ఉన్నంతసేపూ మండగలదు. 100 మిల్లీలీటర్లు ఆవిరైతే దాదాపు 30 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలితో కలిసి మండే దశకు వచ్చేసరికి అది 1500 లీటర్లు దాటుతుంది. ఒక టీ గ్లాసు ద్రవం ఒలికిందని పిల్లలు గుడ్డతో తుడిచేసి, ఆ గుడ్డను డస్ట్‌బిన్‌లో పడేసి మళ్లీ టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటారు. వాళ్ల కంటికి తడి ఆరిపోయింది, అంతే.

ఇప్పుడు అదే టేబుల్ మీద ఇంకేం ఉంటాయో చూడండి. సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల దగ్గర ఉంటుంది. హాట్ ఎయిర్ గన్ 350 నుంచి 400 దాకా పెడతాం. ఐపీఏ ఆవిరి ఏ నిప్పూ తగలకుండా దానంతట అదే అంటుకునే వేడి సుమారు 400 డిగ్రీలు. బోర్డు కడిగి, పూర్తిగా ఆరకముందే గన్ పట్టే తొందర మా పనిలో రోజూ ఉండేదే. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటాడు, టెన్షన్‌లో రెండు నిమిషాలు ఆగే ఓపిక ఉండదు. నా కళ్లముందే వేరే షాపులో ఒక కుర్రాడి బోర్డు అలా భగ్గుమంది. చేతి మీద వెంట్రుకలు కాలి అంతటితో పోయింది. సీసా మూత తీసి పక్కనే ఉన్నట్టయితే వేరేలా ఉండేది.

బ్యాటరీ సంగతి ఇంకా భయం. జిగురు మెత్తబడాలని బ్యాటరీ కింద ఐపీఏ చుక్కలు వేసి, సన్నటి పలక లాంటి పనిముట్టుతో లేపుతాం. పద్ధతిగా చేస్తే మంచి ఉపాయమే. పలక పదునుగా ఉండి లిథియం బ్యాటరీకి చిల్లు పడిందా, బ్యాటరీ తనంతట తానే మండొచ్చు, కిందనే ఐపీఏ తడి ఉంటుంది. అందుకే మా షాపులో ప్లాస్టిక్ పలక తప్ప ఇంకేదీ ముట్టనివ్వను.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది అల్ట్రాసోనిక్ క్లీనర్. చిన్న స్టీలు తొట్టి, దాని కిందనే కంపనాలు పుట్టించే పరికరం, హీటర్, కరెంటు సర్క్యూటు. నీళ్లలో పడ్డ ఫోను బోర్డులు అందులో వేసి శుభ్రం చేస్తాం. ఆ తొట్టిలో నేరుగా ఐపీఏ నింపి, హీటర్ వేసి, మూత తీసి పెట్టే షాపులు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. హీటర్ వేయకపోయినా ఆ కంపనాలకే ద్రవం వేడెక్కుతుంది, ఆవిరి జోరుగా లేస్తుంది, అది గాలికంటే బరువు కాబట్టి తొట్టి అంచు దాటి కరెంటు భాగాలున్న వైపే దిగుతుంది. మండే ద్రవాలు తొట్టిలో నేరుగా పోయవద్దని మెషీన్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది, కానీ ఆ పుస్తకం ఇంగ్లీషులోనో చైనీసులోనో ఉంటుంది. చేయాల్సింది చాలా సులువు. తొట్టిలో నీళ్లు పోయాలి. చిన్న గాజు బీకరులో బోర్డు మునిగేంత మాత్రమే ఐపీఏ పోసి, మూత పెట్టి, ఆ బీకరును నీళ్లలో దించాలి. హీటర్ ఆపి ఉంచాలి. కిటికీ దగ్గర, ఐరన్‌కి దూరంగా పెట్టాలి. కంపనాలు నీళ్ల గుండా, గాజు గుండా లోపలికి చేరతాయి, పని ఆగదు. ఈ ఒక్క పద్ధతి రాష్ట్రంలోని ప్రతి రిపేరు షాపుకీ తెలిస్తే నా ఈ లేఖలో సగం అక్కర్లేదు.

నిప్పు ఒకటే కాదండి. అమెరికాలో కార్మికులు ఎనిమిది గంటల పనిలో పీల్చదగిన ఐపీఏ పరిమితి గాలిలో పది లక్షల వంతులకు 400 వంతులు. 2000 వంతులు అంటే మనిషికి వెంటనే ప్రమాదం అని అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. మన షాపు ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు అనుకుందాం. తలుపు మూసి 100 మిల్లీలీటర్లు ఆవిరైతే ఆ గదిలో సుమారు 1500 వంతులు ఉంటుంది. అంటే పరిమితికి దాదాపు నాలుగు రెట్లు. ఏసీ ఉంది కదా అంటారు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి తీసుకురాదు. సాయంత్రానికి తలనొప్పి, కళ్లు మంట, మగత, కడుపులో తిప్పినట్టు ఉండటం మా వాళ్లకు అలవాటైపోయింది. నిద్ర చాలలేదనుకుని టీ తాగి కూర్చుంటారు. వేళ్ల చర్మం ఎండి, పగిలి, సందుల్లో మంట పుడుతుంది. గుడ్డ మాస్కు గానీ ఎన్95 గానీ ఈ ఆవిరిని ఆపవు. ఆపేది తెరిచిన కిటికీ, బయటికి గాలి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్. అదీ కింది వైపు, టేబుల్ దగ్గర ఉండాలి, పైకప్పు దగ్గర కాదు.

ఇంకో ప్రమాదం అమ్మే దగ్గరే మొదలవుతుంది. పెద్ద క్యాన్‌లో వచ్చిన సరుకును చిల్లరగా మంచినీళ్ల సీసాల్లో పోసి అమ్ముతున్నారు. పేరు ఉండదు, తేదీ ఉండదు, లోపల నిజంగా ఏముందో నమ్మకం ఉండదు. రంగు లేదు, నీళ్లలాగే కనిపిస్తుంది. షాపులోనే చదువుకుంటూ తిరిగే చిన్నపిల్లలు ఎంతమంది లేరు? తాగితే కడుపు మండి, మత్తు కమ్మి, స్పృహ తప్పుతుంది. అప్పుడు వాంతి చేయించకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇది ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ తెలిసే తాగారు. మా షాపుల్లో తెలియకుండానే తాగే వీలుంది.

అయ్యా, పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడు ప్రభుత్వం కదులుతుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా ఫ్యాక్టరీలో లీకైన సాల్వెంట్ (కరిగించే ద్రవం) ఆవిరి పేలి 17 మంది చనిపోయారు. అది ఐపీఏ కాదు, వేరే సాల్వెంట్, కానీ ఆవిరి పరుచుకుని నిప్పును వెతుక్కునే తీరు ఒకటే. ఫ్యాక్టరీలకు ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు, చట్టం ఉంది, కనీసం అడగడానికి ఒక దారి ఉంది. మాకు అలాంటి ఫ్యాక్టరీ తనిఖీలు లేవు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ప్రకారం కరెంటు వాడే చోట 20 మంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ. అంతకుముందు 10 మంది ఉంటే సరిపోయేది. ఇద్దరు కుర్రాళ్లున్న మా షాపు అప్పుడూ లెక్కలో లేదు, ఇప్పుడు ఇంకా దూరమైంది. పైగా మా షాపుల పైన ఇళ్లుంటాయి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద నిల్వ పెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఆ డ్రమ్ములతో వాళ్లలో ఎవరికీ పని లేదు. పై అంతస్తులో ఉన్నారంతే. హైదరాబాద్‌లో మొబైల్ షాపులుండే జగదీష్ మార్కెట్ లాంటి ఇరుకు సందుల్లో షాపు పక్కన షాపు ఉండి, ప్రతి దాంట్లో ఒక సీసా ఉందంటే మొత్తం ఎంత సరుకు ఉన్నట్టు?

దయచేసి దాడులు చేసి, జరిమానాలు వేసి చిన్న షాపుల నోటికాడి కూడు తీయకండి. అలా చేస్తే సీసాలు టేబుల్ కిందికి పోతాయి, ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అమ్మే వాళ్ల దగ్గర గట్టిగా ఉండండి. చిల్లరగా అమ్మే ప్రతి సీసా మీద లోపల ఏముందో, ఎంత శాతమో, "మండే ద్రవం, నిప్పుకు దూరం, గాలి ఆడే చోట వాడండి, తాగితే ప్రాణాపాయం" అన్న మాటలు తెలుగు, ఉర్దూ, హిందీల్లో ఉండాలని ఆదేశించండి. హిందీ ఎందుకంటే మా వృత్తిలో రాజస్థాన్, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. మంచినీళ్ల సీసాల్లో పోసి అమ్మడం మాత్రం పూర్తిగా ఆపించండి.

మా షాపులన్నీ మీ శాఖ దగ్గరే లేబర్ లైసెన్స్ తీసుకుంటాయి. ఆ లైసెన్స్ ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు ఒక పేజీ కాగితం చేతిలో పెట్టండి. ఆ రోజుకు కావాల్సినంతే చిన్న మూత సీసాలో పోసుకోవడం, మిగతాది ఇనుప బీరువాలో పెట్టడం, తడి గుడ్డలు మూతున్న డబ్బాలో వేయడం, నైట్రైల్ రబ్బరు గ్లౌజులు, ఒక కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి మంటలార్పే సిలిండర్. చిన్న మంటైతే మూత వేసి ఊపిరాడకుండా చేయాలి గానీ చెంబుతో నీళ్లు చల్లితే మండుతున్న ద్రవం చుట్టూ చిందుతుంది. ఇంతే రాస్తే చాలు, బొమ్మలు వేస్తే మరీ మంచిది.

ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు, సంతోషం. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలకు సోల్డరింగ్ మొదలుపెట్టే ముందే ఒక పూట సాల్వెంట్ల గురించి చెప్పించండి. ఇక చివరిది, మీరు ఢిల్లీకి రాయాల్సింది. ప్రమాదకరమైన పని అని కేంద్రం నోటిఫై చేస్తే ఒక్క పనివాడున్న చోట కూడా భద్రతా నిబంధనలు వర్తింపజేసే వీలు కొత్త కోడ్‌లోనే ఉంది. మండే సాల్వెంట్లు రోజూ వాడే రిపేరు షాపులు, ప్రింటింగ్ ప్రెస్సులు ఆ జాబితాలోకి రావాలని మన రాష్ట్రం తరఫున అడగండి. ఆఫ్‌సెట్ మెషీన్ల దగ్గర పనిచేసే అన్నలు కూడా ఇదే ఆవిరి పీలుస్తున్నారు.

ఆ ఒక పేజీ కాగితం రాయడానికి, ఐటీఐలకు వచ్చి పిల్లల ముందు బీకరు పద్ధతి చేసి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మా ఊళ్లో ఇంకొందరు టెక్నీషియన్లు కూడా వస్తామన్నారు. డబ్బులేమీ అక్కర్లేదు. జిల్లా లేబర్ ఆఫీసు నుంచి ఒక్క కబురు పంపించండి.

ఇట్లు,
మొబైల్ రిపేరు టెక్నీషియన్,
కరీంనగర్