మోదుగులు రాలకముందే రా

చందానగర్,
హైదరాబాద్.

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చదివి మీ చెల్లెమ్మకి కూడా వినిపించాను. "మీ హైదరాబాద్‌లో వసంతం ఎక్కడిదిరా, దుప్పట్లు మడతపెట్టిన మర్నాడే కూలర్ దింపుతారు" అని రాశావు చూడు, ఆ ముక్కకి ఆవిడ పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. విశాఖ వెళ్లి ఆరేళ్లు కాలేదు, అప్పుడే సముద్రం, అరకు నీ సొంత ఆస్తి అయినట్టు మాట్లాడుతున్నావు. అరకు దారిలో మీకొక అనంతగిరి ఉంటే, వికారాబాద్ పక్కన మాకూ ఒక అనంతగిరి ఉంది. మీ దాంట్లో కాఫీ తోటలుంటాయి, మా దాంట్లో కోతులుంటాయి. అంతే తేడా.

సరే, నిజం చెప్తాను. మొన్నటిదాకా నేనూ నీలాగే అనుకునేవాణ్ని. వసంతమంటే పచ్చగా ఉండాలని మన బుర్రలో ఎవరో ఎక్కించారు. ఇక్కడ పచ్చదనం కావాలంటే ఆగస్టులో రావాలి. మార్చిలో మన గుట్టలు ఎండిపోయి, ఆకులన్నీ రాలిపోయి, చూస్తే దిక్కులేని కొంపలా ఉంటాయి. సరిగ్గా అప్పుడే పూస్తాయిరా చెట్లు. ఆకులు అడ్డం లేకపోబట్టే పూలు అంత దూరం నుంచి కనిపిస్తాయి. ఇది తెలియడానికి నాకు నలభై ఎనిమిదేళ్లు పట్టింది.

పోయిన ఏడాది ఏం చేశానో చెప్తే నవ్వుతావు. ఆదివారం పూట, కారులో, పది గంటలకి తీరిగ్గా బయల్దేరి ఊరి బయట ఒక రిసార్టుకి వెళ్లాం. పేరెందుకులే. "లేక్ వ్యూ" గది అన్నారు. కిటికీ తెరిస్తే చెరువు మొత్తం నెర్రెలిచ్చి ఉంది, మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఆ చెరువు చూడటానికి అదనంగా డబ్బు కట్టాను! తిరుగు దారిలో రెండు గంటలు ట్రాఫిక్.

అందుకని ఈసారి తెలివి తెచ్చుకుని, పనిరోజున సెలవు పెట్టి, లింగంపల్లిలో పొద్దున్నే రైలెక్కాం. నేను, మీ చెల్లెమ్మ, చిన్నది. శంకర్‌పల్లి దాటేసరికి అపార్ట్‌మెంట్లు పలచబడ్డాయి. కిటికీలోంచి దున్నిన ఎర్రచేలు, తుమ్మచెట్లు, వాటి మధ్యలో ఉన్నట్టుండి ఒక మోదుగు చెట్టు. దూరం నుంచి చూసి చిన్నది "నాన్నా, చెట్టు కాలిపోతోంది" అంది. అబద్ధం కాదురా, ఉత్త కొమ్మలకి నిప్పు అంటుకున్నట్టే ఉంది. తర్వాత ఇంకోటి, ఇంకో నాలుగు. పెట్టెలో ఎవరూ తల ఎత్తలేదు, అందరూ ఫోన్లలో ఉన్నారు.

వికారాబాద్‌లో దిగి ఆటో మాట్లాడుకుని కొండెక్కాం. అనంత పద్మనాభస్వామి దర్శనం అయ్యాక అడవి బాటలో కొంచెం దూరం నడిచాం. అక్కడ చేతికి అందే ఎత్తులో ఒక మోదుగు కొమ్మ దొరికింది. ఎన్నాళ్లకి చూశానో దగ్గరగా! మొగ్గ తొడుగు నల్లగా, ముట్టుకుంటే మఖమల్ బట్టలా ఉంటుంది. అందులోంచి కాషాయం రంగు రేకు చిలకముక్కులా వంకర తిరిగి బయటికొస్తుంది. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నది అందుకేనట, "ఇది చిలకా ఏమిటి?" అని. ఒక తేనెపిట్ట, బొటనవేలంత కూడా లేదు, మెడ వంచి పువ్వు లోపలికి ముక్కు దూర్చి, ఇంకో పువ్వుకి ఎగిరి, మళ్లీ మొదటి పువ్వుకే వచ్చింది. కింద చీమలు, పైన గోరింకల గోల. ఆ ఒక్క చెట్టు కిందే ముప్పావుగంట గడిచిపోయింది.

మన ఊళ్లో హోళీకి ముందురోజు మోదుగుపూలు బిందెలో నానబెట్టేవాళ్లం, గుర్తుందా? నువ్వు వెదురు పిచికారీతో లెక్కల మాస్టారి తెల్లచొక్కా మీద కొట్టి, పేరు నాది చెప్పావు. ఆ కథ చిన్నదానికి చెప్పాను. నీ పరువు పోయింది.

మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అని చెప్పి దాన్ని ఊరించి తీసుకెళ్లాను. మార్చిలో నీళ్లెక్కడివి? రాళ్లు, ఎండుటాకులు. "నాన్నా, చాదర్‌ఘాట్ దగ్గర ముక్కు మూసుకుంటామే, ఆ నది ఇదేనా?" అంది. ఇదేనమ్మా అన్నాను. 1908లో ఈ నదే ఊరిని ముంచేసిందని, ఆ దెబ్బకే నిజాం గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టించాడని చెప్తే, ఆ ఎండిన రాళ్లని చూసి నన్ను చూసింది. నమ్మలేదని తెలిసిపోయింది. వాడపల్లిలో కృష్ణలో కలుస్తుందన్న సంగతి ఇంకోసారి చెప్దాంలే అని ఊరుకున్నాను.

కోతుల సంగతి చెప్పాలి. మీ చెల్లెమ్మ తెల్లవారుజామున లేచి సర్వపిండి కాల్చింది. బండ మీద డబ్బా పెట్టి మూత తీసిందో లేదో, ఒక ముసలి కోతి వచ్చి డబ్బాతో సహా పట్టుకుపోయింది. చెట్టెక్కి కూచుని, పల్లీలు ఏరుకుని తిని, పిండి మాత్రం కింద పడేసింది. "అంత కష్టపడి చేస్తే పిండి బాలేదంటోందా అది?" అని ఆవిడ బాధ. చివరికి స్టేషన్ దగ్గర మిర్చి బజ్జీలతో కడుపు నింపుకున్నాం.

ఆ వారమే ఇంకో పొద్దున అమీన్‌పూర్ చెరువుకి వెళ్లాను. మా ఇంటికి స్కూటర్ మీద పావుగంట. కుతుబ్‌షాహీల నాటి చెరువు, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరంలో ఉన్న చెరువుకి ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. చుట్టూ అపార్ట్‌మెంట్లు ఎలా ముసురుకున్నాయో చూస్తే ఆ గుర్తింపు దాన్ని ఎన్నాళ్లు కాపాడుతుందో అనిపిస్తుంది, అది వేరే కథ. ఫ్లెమింగోలు చూడాలంటే సూళ్లూరుపేట దాకా పోవాలనుకునేవాళ్లం కదా? ఇక్కడే ఉన్నాయిరా! దూరంగా నీళ్లలో తెల్లటి చుక్కల వరుస. పక్కన కెమెరాతో కూచున్న ఒక పెద్దాయన జాలిపడి తన బైనాక్యులర్స్ ఇచ్చారు. అప్పుడు కనిపించాయి, సన్నటి గులాబీ కాళ్లు, తల కిందులుగా ముంచి ముక్కుతో బురద వడగడుతూ. ఇంకో రెండు వారాలుంటే గొప్ప అన్నారాయన, ఎండ ముదిరితే వెళ్లిపోతాయట.

నాకు బైనాక్యులర్స్ ఎందుకు లేవో నీకు తెలుసు.

అందుకే చెప్తున్నాను, ఉగాదికి ఒక వారం ముందే చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకుని వచ్చెయ్. అప్పటికి మా వీధి వేపచెట్టు పూతకొస్తుంది, పచ్చడికి కొనక్కర్లేదు. ఒకరోజు అనంతగిరి, ఒక పొద్దున అమీన్‌పూర్, ఓపిక ఉంటే ఒక సాయంత్రం ఖాజాగూడ గుట్టలు. ఆ బండల వయసు రెండువందల యాభై కోట్ల ఏళ్లట, నీ మోకాళ్లకంటే గట్టిగానే ఉన్నాయి. కారు తేవద్దు. సర్వపిండి ఈసారి రెండు డబ్బాలు, ఒకటి కోతికి.

నాలుగేళ్ల కింద "వారంలో ఇచ్చేస్తా" అని పట్టుకెళ్లిన నా బైనాక్యులర్స్ మర్చిపోకుండా తీసుకురా. కవరు కూడా.

నీ
మామ