పాడి పశువుల బీమాపై సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. పాల సేకరణ, దాణా పంపిణీ యథావిధిగా సాగాయి; వాటి లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాము. ఈ నివేదికను మాత్రం పశు బీమాకే కేటాయిస్తున్నాము. 2021 నవంబరులో పెన్నా వరద మన జిల్లాను ముంచెత్తినప్పుడు, అప్పు తెచ్చి కొన్న బర్రె పోయి వడ్డీ మాత్రం మిగిలిన ఇళ్లను మనమంతా చూశాము.

ప్రీమియం భారం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. జాతీయ పశుసంపద మిషన్‌లో 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మార్పుల ప్రకారం రైతు వాటా 15 శాతానికి తగ్గింది. అంతకుముందు అది 20 నుంచి 50 శాతం దాకా ఉండేది. ప్రీమియం 100 రూపాయలైతే రైతు 15, కేంద్రం 51, రాష్ట్రం 34 భరిస్తాయి. బీమా చేయించగల పశువుల పరిమితి కూడా 5 యూనిట్ల నుంచి 10 యూనిట్లకు పెరిగింది. ఒక పెద్ద పశువునో 10 జీవాలనో (గొర్రెలు, మేకలు) ఒక యూనిట్‌గా లెక్కిస్తారు కనుక, పాడితోపాటు నెల్లూరు గొర్రెలు పెంచే కుటుంబాలు రెండింటినీ కలిపి చూసుకోవాలి.

అసలు చిక్కు పశువుకు గుర్తింపు కోసం వేసే చెవిపోగు దగ్గర వస్తున్నది. పశువును గుర్తించేది దాని మీదున్న 12 అంకెల సంఖ్యే. అది లేని కళేబరం బీమా చేసిన పశువుదేనని నిరూపించడం చాలా కష్టం. సర్కారు కంపల్లో మేసేటప్పుడు పోగు తగులుకొని చెవి చీరుకుపోవడం మన వైపు మామూలే. ఒక సభ్యుని గేదె పాముకాటుతో చనిపోగా, ఊడిన పోగుకు బదులు వేయించిన కొత్త పోగు సంఖ్య పాలసీలో ఎక్కలేదన్న కారణంతో పరిహారం ఆగిపోయింది. ఆ కుటుంబం పక్షాన సంఘం ఇప్పటికీ ఉత్తరాలు రాస్తూనే ఉంది, వదిలిపెట్టదు. అందుకే ఈ ఏడాది రైతు సేవా కేంద్రాల సిబ్బందితో కలిసి ఇంటింటికీ వెళ్లి, పోగు సంఖ్యను పాలసీ కాగితంతో సరిచూసే పనిని అన్నిటికంటే ముందు పెట్టుకున్నాము.

విలువ కట్టే సమయంలో పాల దిగుబడిని తగ్గించి చెప్పవద్దని సభ్యులను కోరుతున్నాము. ప్రీమియంలో మిగిలేది కొద్ది రూపాయలే కాగా, పశువు చనిపోయినప్పుడు చేతికొచ్చేది ఆ రాయించిన విలువను బట్టే ఉంటుంది. పశువును అమ్మితే మిగిలిన కాలానికి బీమాను కొన్నవారి పేరున మార్పించాలి.

పశువు చనిపోతే బీమా సంస్థకు వెంటనే తెలపాలి. ఎండాకాలంలో కళేబరం త్వరగా చెడుతుందన్న ఆందోళన సహజమే అయినా, వైద్యుడు పోస్టుమార్టం చేయకముందు పూడ్చిపెట్టకూడదు. మార్గదర్శకాలు కోరేవి సమాచార పత్రం, పాలసీ, క్లెయిమ్ ఫారం, పోస్టుమార్టం నివేదిక మాత్రమే. అవి అందిన 15 రోజుల్లో పరిహారం చెల్లించాలి. ఇంతకు మించి కాగితాలు అడిగితే సంఘానికి తెలియజేయండి.

వచ్చే ఏడాది ప్రతి పాల కేంద్రంలో పాలసీ గడువుల పుస్తకం ఉంచుతాము. సభ్యులు తమ పాలసీ నకలును సర్వసభ్య సమావేశానికి తీసుకొస్తే అక్కడే నమోదు చేసుకుంటాము.