చేతిపనికి గది ఇస్తున్నారు, ఆరబెట్టే చోటు కూడా ఇవ్వండి

గ్రంథాలయాలు, సామాజిక భవనాల బాధ్యత చూస్తున్న గౌరవ మంత్రి గారికి,

నమస్కారం. పదిమంది కలిసి నోటుపుస్తకాలు కుట్టుకోవడానికో, బట్టకు రంగు అద్దుకోవడానికో, కాగితపు గుజ్జుతో గిన్నెలు చేసుకోవడానికో గది అడిగితే మీ భవనాల్లో రెండు మూడు గంటలకు ఇస్తున్నారు. గడువు ముగిసేసరికి బల్లలు ఖాళీ చేసి తాళం అప్పగించాలి. ఉపన్యాసానికైతే ఈ పద్ధతి చాలు. చేతిపనికి మాత్రం చాలదు. ఎందుకంటే ఈ పనుల్లో చాలా సమయం ఆరబెట్టడానికే పోతుంది.

పుస్తకం సంగతే చూడండి. 8 కాగితాలు కలిపి మడిచి, మడత మీద 3 రంధ్రాలు పొడిచి, మైనం రాసిన దారంతో మధ్య రంధ్రం నుంచి మొదలుపెట్టి కుట్టాలి. పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు దారం సరిపోతుంది. కొత్తవాళ్లకైనా ఇది ఒక్క పూట పని. గట్టి అట్ట వేసేటప్పుడే చిక్కంతా. జిగురు తడికి పైకాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుపోతూ అట్టను తనవైపు లాగుతుంది. రాత్రంతా బరువు కింద ఉంచకపోతే తెల్లారేసరికి అట్ట విల్లులా వంగి ఉంటుంది. కాగితంలో నారలు పోయే దిశ పుస్తకం వెన్ను వెంబడి లేకపోతే బరువు పెట్టినా పుటలు అలలు తిరుగుతాయి. ఆ దిశ కనుక్కోవడం తేలికే. కాగితాన్ని మడత పడనీయకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూస్తే, ఏ వంపుకు సులువుగా లొంగుతుందో నారలు ఆ వంపు గీత వెంబడే ఉన్నట్టు. ఇవన్నీ మేం నేర్పగలం. తడి అట్టను బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లమని మాత్రం చెప్పలేం.

కాగితపు గుజ్జుదీ ఇదే కథ. మందంగా పూస్తే పైన ఆరి, లోపల తడి నిలిచి బూజు పడుతుంది. పలుచగా ఒక పొర వేసి, అది పూర్తిగా ఆరాకే ఇంకొకటి వేయాలి. ఇక అద్దకంలో, రంగు బట్టకు నిలిచేలా చేసే పటిక నూలుబట్టకు నేరుగా సరిగ్గా పట్టదు. ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి, తర్వాత 100 గ్రాముల బట్టకు సుమారు 15 గ్రాముల పటిక వాడాలి. ఈ మెట్టు దాటవేస్తే రంగు ఉతుకులో పోతుంది. అద్దకం గిన్నెలు మళ్లీ వంటకు వాడకూడదు కాబట్టి అవి విడిగా అల్మరాలోనే ఉండాలి.

2009లో నెదర్లాండ్స్ పాత్రికేయురాలు మార్టీన్ పోస్ట్‌మా ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన రిపేర్ కఫే పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. పాడైన వస్తువు తెచ్చి, చాలావరకు ఆ పూటే బాగుచేసుకుని వెళ్లడం అందులో పద్ధతి. అది గంటల లెక్కలో ఇమిడిపోతుంది. కొత్త వస్తువు చేయడం ఇమడదు. ఆ మాటకొస్తే అతికించిన పింగాణీ కప్పు కూడా జిగురు గట్టిపడేదాకా కదలకుండా ఉండాలి.

మేం అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. గాలి ఆడే అరలు, తాళం పడే అల్మరా, బరువుకు నాలుగు ఇటుకలు, బల్ల మీద 500 లక్స్ (వెలుతురు కొలత) వెలుతురు. చేతులు కడిగే తొట్టి దగ్గర రెండు బకెట్లు కూడా తప్పనిసరి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లలోనూ గట్టిపడుతుంది, గొట్టంలోకి పోతే దాన్ని కోసి తీయాల్సిందే. అందుకే చేతులూ పనిముట్లూ బకెట్లో కడిగి, రాత్రంతా తేరనిచ్చి, పైనీళ్లు పారబోసి, అడుగు మడ్డిని చెత్తలో వేయాలి. రెజిన్ (గట్టిపడే రసాయన ద్రవం), స్ప్రే రంగులు మూసిన గదిలో వద్దని మీరే నిబంధన పెట్టండి. మేమూ అదే కోరుకుంటున్నాం.

సామాన్లు పేరుకుపోతాయని అధికారులు భయపడటం న్యాయమే. ప్రతి వస్తువుకూ పేరు, పెట్టిన తేదీ, తీసుకెళ్లే తేదీ రాసిన చీటీ కడతాం. 14 రోజులు దాటినవి మేమే తీసేస్తాం. ముందుగా ఒక్క భవనంలో మూడు నెలలు అనుమతిస్తూ ఉత్తర్వు ఇవ్వండి. గది వేళలతో పాటు ఆరబెట్టే అరల మాట కూడా అందులో రాయించండి.

ఇట్లు,
చేతిపని సమావేశాలు నిర్వహించేవాళ్లం